ప్రవేశ పరీక్షల శిక్షణ – ప్రయోజనం, పరిమితులు: ఆర్మూర్ ప్రాంత నేపథ్యంలో ఒక వివేచన

వ్యాససంగ్రహం
ఇంటర్మీడియట్ విద్యార్థికి ప్రవేశ పరీక్షల శిక్షణ ఏ మేరకు ఉపకరిస్తుందన్నది ఈ వ్యాసంలోని చర్చనీయాంశం. శిక్షణ ఫలితాన్ని ఎంపిక ఫలితం నుంచి వేరుచేసి చూడాలనీ, పరీక్ష స్వభావాన్ని బట్టి ప్రయోజనం మారుతుందనీ ఇందులో ప్రతిపాదిస్తున్నాను.

కీలకపదాలు: ప్రవేశ పరీక్ష, శిక్షణ, నీడ విద్య, ఎంపిక, ఆర్మూర్.

1. ప్రవేశిక
ఆర్మూర్ ప్రాంతం పసుపు సాగుకు ప్రసిద్ధం. వానకాలం ఆరంభంలో నాటిన పసుపును తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి, నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేర్చేసరికి వేసవి సమీపిస్తుంది. ఇంటర్మీడియట్ పరీక్షలు ముగిసి, స్వల్పకాలిక శిక్షణ తరగతులు మొదలయ్యేదీ దాదాపు ఆ రోజుల్లోనే. ఏడాదికొకసారి చేతికందే పంట సొమ్ములో శిక్షణ రుసుముకు ఎంత కేటాయించాలన్నది రైతు కుటుంబానికి చిన్న నిర్ణయం కాదు. పసుపు ధర పడిపోయిన ఏడాది ఆ రుసుమే అప్పుగా మారే ప్రమాదముంది.

2. నేపథ్యం
ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983 నాటి చట్టం క్యాపిటేషన్ రుసుమును నిషేధించి, వృత్తివిద్యా ప్రవేశాలకు ఉమ్మడి ప్రవేశ పరీక్షను ప్రాతిపదిక చేసింది. సీటు అమ్మకాన్ని అరికట్టడం దాని ఉద్దేశం. అయితే సీటుకు దారితీసే సాధనను డబ్బుతో సమకూర్చుకునే వీలు అలాగే మిగిలింది. పాఠశాల విద్యను అనుకరిస్తూ దాని వెంట నడిచే ఇటువంటి వ్యవస్థను మార్క్ బ్రే 1999లో యునెస్కో ప్రచురించిన గ్రంథంలో ‘నీడ విద్య’గా వివరించాడు. తెలంగాణ ఎంసెట్‌లో ఇంటర్మీడియట్ మార్కులకున్న 25 శాతం వెయిటేజీని 2023లో తొలగించడంతో ర్యాంకు భారమంతా మూడు గంటల పరీక్షపైనే పడింది. నీడ మరింత పొడవైంది.

3. ఎంపికా, శిక్షణా?
హైదరాబాద్ నల్లకుంటలో చుక్కా రామయ్య నడిపిన ఐఐటీ శిక్షణ సంస్థలో చేరడానికే ప్రవేశ పరీక్ష ఉండేది. బోధన ఎంత ఉత్తమమైనదైనా, ముందే వడపోసిన విద్యార్థుల విజయంలో బోధన వాటా ఎంతో కేవలం ఫలితాల జాబితా చెప్పలేదు. అమెరికాలోని శాట్ పరీక్షపై డెర్‌సిమోనియన్, లెయిర్డ్ 1983లో చేసిన సమీక్ష ఈ సందేహాన్ని బలపరుస్తుంది: పోలికకు తగిన బృందం లేని అధ్యయనాల్లో శిక్షణ ప్రభావం పెద్దదిగా, నియంత్రిత అధ్యయనాల్లో స్వల్పంగా కనిపించింది. డెరెక్ బ్రిగ్స్ 2001 నాటి అధ్యయనంలోనూ గణితంలో లాభం 800కు 15 మార్కుల లోపే. ఆ అంకెలు మన పరీక్షలకు యథాతథంగా వర్తించవు. కాని ఆ హెచ్చరిక వర్తిస్తుంది.

4. పరీక్ష స్వభావం
ఎప్‌సెట్ ఇంజినీరింగ్ విభాగంలో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలకు జవాబు గుర్తించాలి. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. ఇక్కడ పాఠ్యాంశంపై పట్టుతోపాటు వేగం ముఖ్యం. పట్టున్న విద్యార్థి పాత ప్రశ్నపత్రాలను గడియారం ముందు పెట్టుకొని సాధన చేస్తే వేగాన్ని చాలావరకు సొంతంగానే సాధించగలడు.

నీట్ తీరు వేరు. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. తమిళనాడులో జస్టిస్ ఎ.కె. రాజన్ కమిటీ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం, అక్కడ వైద్యవిద్యలో చేరినవారిలో మళ్లీ పరీక్ష రాసినవారి వాటా 2020–21 నాటికి 71 శాతం దాటింది. ఇది శిక్షణ మహిమేనని చెప్పలేం. వారికి మరో ఏడాది చదువుకునే వ్యవధీ దొరికింది. దీర్ఘకాలిక శిక్షణలో తల్లిదండ్రులు నిజానికి కొంటున్నది ఆ ఏడాదినే. దానిని కొనలేని ఇంటి బిడ్డ తొలి ప్రయత్నంతోనే ఆగిపోతున్నాడు.

ఆర్మూర్‌కు దూరం కాని బాసరలో, 2008లో స్థాపితమైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం మరో మార్గం చూపింది. అక్కడ ప్రవేశ పరీక్ష లేదు. పదో తరగతి ఫలితాలే ప్రాతిపదిక. ప్రభుత్వ పాఠశాలల విద్యార్థుల గ్రేడు సగటుకు 0.4 కలిపే పద్ధతినీ పాటించారు. ద్వారం మారితే శిక్షణ అవసరమూ మారుతుందనడానికి ఇది నిదర్శనం.

5. ముగింపు
శిక్షణ నిరర్థకం కాదు. సర్వరోగ నివారిణీ కాదు. పాఠం చెప్పేవారు కరవైన చోట అది లోటు తీరుస్తుంది. పాఠం అర్థమైన చోట సాధనకు క్రమాన్ని మాత్రమే ఇస్తుంది. రుసుము కట్టేముందు తల్లిదండ్రులు అడగవలసినవి మూడు: మొత్తం ఎందరు చేరితే ఇందరికి సీట్లు వచ్చాయి? వారిలో మళ్లీ రాసినవారెందరు? చేర్చుకునేటప్పుడే వడపోశారా? ఈ ప్రశ్నలు వేయడం వారికి నేర్పవలసిన బాధ్యత కళాశాల అధ్యాపకులది. స్థానిక జూనియర్ కళాశాలల్లో శిక్షణ పొందినవారి, పొందనివారి ఫలితాలను పదో తరగతి మార్కులతో సరిపోల్చి చూసే క్షేత్ర పరిశోధన ఆ బాధ్యతకు తొలి మెట్టు కాగలదు.