డిప్లొమాకు పాయింట్లు సున్నా!

ఆదివారం లిటిల్ ఇండియాలో మనవాళ్లు కలిస్తే ఇంటి కబుర్ల తర్వాత వచ్చేది పాస్ సంగతే. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, సైట్లలో సూపర్‌వైజర్లుగా పనిచేస్తున్న మా అందరికీ ఎస్ పాస్ నుంచి ఎంప్లాయ్‌మెంట్ పాస్‌కు (ఈపీ) మారాలని ఆశ. ఈ ఆశతోనే మా గదిలో ఒకతను ఊళ్లో అరెకరం తాకట్టు పెట్టి ఓ ఏజెంటుకు డబ్బు కట్టాడు. ఈపీ రాలేదు. ఎందుకో తెలుసుకుందామని మేమంతా కూర్చుని లెక్క వేశాం.

ఈపీకి 2023 సెప్టెంబరు 1 నుంచి 'కంపాస్' అనే పాయింట్ల పద్ధతి వచ్చింది. ఏడాది తర్వాత రెన్యువల్స్‌కూ పెట్టారు. కనీస జీతం ఉండటమే కాదు, 40 పాయింట్లు కూడా రావాలి. జీతం, చదువు, కంపెనీలో మన దేశంవాళ్ల శాతం, స్థానికులకిచ్చిన ఉద్యోగాలు... ఒక్కోదానికి 0, 10 లేదా 20 వేస్తారు. కొరత ఉన్న కొన్ని ఉద్యోగాలకు బోనస్ వేరు.

డిగ్రీకి 10, డిప్లొమాకు సున్నా. పైస్థాయి ఉద్యోగుల్లో పావువంతు మనదేశం వాళ్లే ఉంటే అక్కడా సున్నా. పైస్థాయి ఉద్యోగులు 25 మందికి తక్కువున్న చిన్న కంపెనీ అయితే చివరి రెండింటికీ పదేసి ఊరికే ఇస్తారు. అయినా మిగతా 20 జీతంతోనే రావాలి. అంటే ఆ రంగంలో మన వయసు స్థానికుల్లో పైనున్న పది శాతం మందితో సమానంగా జీతముండాలి. సూపర్‌వైజర్‌కు అంత ఎవరిస్తారు?

ఓనర్ల బాధ ఓనర్లది. ఈపీకి కోటా, లెవీ లేవు. ఎస్ పాస్‌కు పాయింట్లు లేవు గానీ, నిర్మాణ రంగంలో 15 శాతం కోటా ఉంది. 2025 సెప్టెంబరు నుంచి లెవీ నెలకు 650 డాలర్లు, కొత్త దరఖాస్తులకు కనీస జీతం 3,300 అయ్యాయి. అందుకే ఒక్కో పాస్‌కూ ఆచితూచి అడుగేస్తున్నారు.

పాయింట్లలో సగం కంపెనీని బట్టి వచ్చేవే. వాటిని ఏ ఏజెంటూ తెచ్చిపెట్టలేడు. డబ్బు కట్టకముందే మానవ వనరుల శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా లెక్క చూసుకోండి. లెవీని మన జీతంలోంచి కోయకూడదు. ఇక్కడి ఏజెన్సీ మన దగ్గర రెండు నెలల జీతానికి మించి ఫీజు తీసుకోకూడదు. ఈ రెండూ ఇక్కడి చట్టమే. దొంగ డిగ్రీ జోలికి అసలే పోవద్దు, దొరికితే జైలే.

మా గదిలో అతను ఇంకా ఎస్ పాస్ మీదే ఉన్నాడు. నెలనెలా తాకట్టు వడ్డీ పంపుతున్నాడు. ఆ లెక్కేదో ముందే వేసి ఉంటే పొలం నిలిచేది.