గని నుంచి చెలకకు: భూసార అంచనాలో గణితం

కొత్తగూడెం ప్రాంతంలో భూమిని తవ్వి లెక్కగట్టడం నేటి విషయం కాదు. ఇల్లెందు సమీపంలో 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గును గుర్తించారు. రెండు బోర్ల మధ్య కంటికి కనిపించని బొగ్గు పొర మందం ఎంత అన్నది గనుల ఇంజినీరు ప్రశ్న. రెండు మట్టి నమూనాల మధ్యనున్న చెలకలో భాస్వరం ఎంత అన్నది విస్తరణ శాస్త్రవేత్త ప్రశ్న. గణితం దృష్టిలో ఈ రెండూ ఒకటే.

ఈ ప్రశ్నకు తొలి సమాధానం గనుల నుంచే వచ్చింది. దక్షిణాఫ్రికా బంగారు గనులలో డానీ క్రిగ 1951లో ప్రతిపాదించిన అంచనా పద్ధతికి ఫ్రెంచి గణితజ్ఞుడు జార్జ్ మాథెరాన్ 1960వ దశకంలో సిద్ధాంతరూపం ఇచ్చి, క్రిగ పేరు మీదుగానే 'క్రిగింగ్' అని వ్యవహరించారు. 1980లో బర్జెస్, వెబ్‌స్టర్ దీనిని నేలలకు అన్వయించారు.

పద్ధతికి మూలం వేరియోగ్రామ్. నమూనాలను రెండేసి చొప్పున తీసుకొని, వాటి విలువల భేదాన్ని వర్గం చేసి, ఒకే దూరంలో ఉన్న జతలన్నింటికీ సగటు కట్టి, అందులో సగం తీసుకొంటారు. దూరం పెరిగేకొద్దీ ఈ విలువ పెరిగి, ఒక హద్దు వద్ద నిలకడ చెందుతుంది. ఆ హద్దు దాటిన నమూనాకు ఈ పొలంతో సంబంధం లేనట్లే.

రైతుకు నష్టం జరిగే చోటు ఇదే. 2015లో సాయిల్ హెల్త్ కార్డు పథకం ఆరంభమైనప్పుడు వర్షాధార భూములలో 10 హెక్టార్లకు, సాగునీటి భూములలో 2.5 హెక్టార్లకు ఒక నమూనా ప్రమాణంగా పెట్టారు. 10 హెక్టార్ల చదరపు గ్రిడ్ భుజం సుమారు 316 మీటర్లు. కేంద్రం నుంచి మూలకు దాదాపు 223 మీటర్లు. ఆ గ్రామంలో వేరియోగ్రామ్ హద్దు 200 మీటర్లే అయితే, మూలనున్న రైతు చేతిలోని కార్డు నిజానికి పొరుగువాని పొలానిది. గుట్టవాలున చెలక, దిగువన రేగడి, వాగు అంచున ఒండ్రు కొద్ది దూరంలోనే మారిపోయే గ్రామాలలో ఇది ఊహకు అందని సంగతి కాదు.

వేరియోగ్రామ్‌కు కంటికి నచ్చిన వక్రరేఖను గీయడం చెల్లదు. సరికాని ప్రమేయాన్ని ఎంచుకొంటే అంచనా విస్తృతి రుణాత్మకంగా రావచ్చు. అది అర్థంలేని ఫలితం. ఏ ప్రమేయాలు ధన నిశ్చితమో తేల్చే సిద్ధాంతాన్ని సాలొమన్ బోక్నర్ 1932లో, మట్టితోగాని గనులతోగాని నిమిత్తం లేకుండా, శుద్ధ గణితంగా ప్రచురించారు. గోళాకార, ఘాతీయ నమూనాల వాడుకకు నేటి ఆధారం అదే.

ఇక గణన సంగతి. n నమూనాలకు దాదాపు n రేఖీయ సమీకరణాలను సాధించాలి. గుణకారాలు సుమారు n³/3. వెయ్యి నమూనాలకు ఇది 33 కోట్లు, సాధారణ కంప్యూటరుకు తేలిక. జిల్లా మొత్తానికి 50,000 నమూనాలైతే సుమారు 42 లక్షల కోట్లు. అందుకే ప్రతి బిందువుకూ సమీపంలోని కొద్ది నమూనాలనే తీసుకొంటారు.

నమ్మదగిన వేరియోగ్రామ్‌కు కనీసం నూరు నమూనాలైనా కావాలి. పెంటకుప్ప పక్కన తీసిన మట్టిని ఏ సిద్ధాంతమూ సరిదిద్దలేదు. అయితే, వేరియోగ్రామ్ తెలిసిన తరువాత క్రిగింగ్ విస్తృతి నమూనాల స్థానాలపైనే ఆధారపడుతుంది, వాటి విలువలపై కాదు. కాబట్టి గడ్డపార పట్టకముందే, ఏ పొలంలో అంచనా బలహీనమో పటం మీద చూపి, అదనపు నమూనాను అక్కడే తీయించవచ్చు.