నైసూ, సిల్లీ

ఎల్.బి.నగర్‌లో మెట్రో రైలు ఎక్కిన ఇద్దరు ఆడపిల్లలు నా ఎదుటనే కూర్చున్నారు. ఒళ్లో పుస్తకాల సంచులు. పోటీ పరీక్షల చదువుకు దిల్‌సుఖ్‌నగర్ పోతున్నారని మాటలను బట్టి తెలిసింది.

"నిన్నయితే సారు నైస్ అన్నడు. నా ప్రశ్నకేమో సిల్లీ అన్నడు. అందరు నవ్విన్రు. ఇగ నేను రానే, ఊరికి పోత," అన్నది ఒక పిల్ల, కిటికీ వైపు ముఖం తిప్పుకొని.

"గంత మాత్రానికే పోతవా? బాపుకు ఏం చెప్తవ్?" అన్నది రెండవది.

విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటితే దిల్‌సుఖ్‌నగరే. నేను నోరు తెరిచేలోగా వారు దిగిపోయారు. ఆ పిల్లతో చెప్పదలచిన సంగతి పాఠకులతోనైనా చెప్పుకుంటాను.

నైస్ అన్నది పుట్టుకలో మెప్పు కాదు, తిట్టు! లాటిన్‌లో 'నెస్కియుస్' అంటే తెలియనివాడు. 'నె' అంటే కాదని, 'స్కీరే' అంటే తెలియడమని అర్థం. సైన్సు అనే మాట కూడా ఆ 'స్కీరే' సంతానమే. ఫ్రెంచి వారి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు నైస్ అంటే మూఢుడు. తరువాత బిడియస్తుడు, ఆ పిమ్మట దేనికీ ఒక పట్టాన తృప్తిపడనివాడు, సున్నితమైనది, సూక్ష్మమైనది అంటూ వేషాలు మార్చి, 18వ శతాబ్దంలో 'బాగున్నది' అనే అర్థానికి చేరింది. ఆపైన కనబడ్డ ప్రతిదానికీ జనం నైస్ అనసాగారు. 1817 చివర వెలువడిన 'నార్తాంగర్ ఎబ్బీ' నవలలో జేన్ ఆస్టిన్ ఒక పాత్ర చేత ఈ వాడుకను చక్కగా ఎగతాళి చేయించింది.

సిల్లీ కథ దీనికి తలక్రిందులు. పాత ఇంగ్లీషులో దాని పూర్వరూపానికి ధన్యుడు, భాగ్యవంతుడు అని అర్థం. జర్మన్ భాషలో దాని తోబుట్టువు నేటికీ ఆ గౌరవం నిలుపుకొన్నది. ఇంగ్లీషులో మాత్రం ధన్యుడు అమాయకుడైనాడు, అమాయకుడు దీనుడైనాడు, దీనుడు దుర్బలుడైనాడు. 16వ శతాబ్దం నాటికి తెలివితక్కువవాడే అయిపోయినాడు. మంచివాణ్ణి చేతకానివాడనుకోవడం మనకూ కొత్త కాదు గదా! క్రికెట్టులో బ్యాటుకు మరీ దగ్గరగా నిలిచే చోటును సిల్లీ పాయింట్ అంటారు. అక్కడ నిలబడాలంటే గుండె ధైర్యం కావాలి.

మన మాటలు మాత్రం తక్కువ తిన్నాయా? పాత తెలుగులో కంపు అంటే సువాసన కూడా. నేడు ముక్కు మూసుకుంటాం. ధర్మశాస్త్రాలలో సాహసమంటే దౌర్జన్యంతో చేసే నేరం. నేడు సాహసానికి పతకాలిస్తున్నాం.

అమ్మాయీ! పరీక్షలో సిల్లీకి అర్థమడిగితే నేటి అర్థమే రాయి. మార్కులు దానికే వస్తాయి. కాని ఆ ఒక్క మాట కోసం ఊరి బస్సు ఎక్కవద్దు. తెలియక అడిగినవారికి తెలుస్తుంది. తెలియకపోయినా అడగక, నవ్వి ఊరుకున్నవారున్నారే, వారే పాత అర్థంలో నైస్!

రేపు కూడా అదే వేళకు ఎల్.బి.నగర్‌లో రైలెక్కుతాను. ఆ పిల్లలిద్దరూ కనబడితే బాగుండును.