ఎడారి వేడిలో ఉప్పు బ్యాటరీ

ఆంధ్రదేశంలో కరెంటు పోయిన రాత్రులను ఎరిగినవారికి ఇన్వర్టరు, దాని బ్యాటరీలో నెలనెలా పోయవలసిన డిస్టిల్డ్ వాటరు కొత్త కావు. కరెంటు కోత ఎరుగని ఖతారులో మాత్రం విద్యుత్తును నిల్వచేయవలసిన అవసరం వేరొక కారణాన ఏర్పడింది. 2022 అక్టోబరులో ప్రారంభమైన అల్ ఖర్సా సౌర విద్యుత్ కేంద్రం సామర్థ్యం 800 మెగావాట్లు. దేశపు గరిష్ఠ అవసరంలో సుమారు పదోవంతు. కాని అది పగటి మాట. వేసవిలో సూర్యుడు అస్తమించినా దోహాలో ఎయిర్ కండిషనర్లు ఆగవు.

పగటి విద్యుత్తును రాత్రికి దాచగలిగేది బ్యాటరీయే. 2020 దశకపు తొలినాళ్ళలో కహ్రమా సంస్థ నుఐజా వద్ద 4 మెగావాట్-అవర్ల లిథియం బ్యాటరీని ప్రయోగాత్మకంగా నెలకొల్పింది. 1991లో సోనీ సంస్థ విపణిలోకి తెచ్చిన లిథియం-అయాన్ సెల్‌కు హితమైన ఉష్ణోగ్రత సుమారు 15 నుండి 35 డిగ్రీలు. ఇక్కడి వేసవి 45 దాటుతుంది. అందుచేత బ్యాటరీకి సైతం శీతలీకరణ తప్పదు. దాచిన ధనంలో కొంత కావలివాని జీతానికే పోయినట్లు!

ఇందుకు ప్రత్యామ్నాయంగా వినవస్తున్నది సోడియం-అయాన్ బ్యాటరీ. పనిచేసే తీరు ఒకటే. రెండు ధ్రువాల నడుమ లిథియం అయాన్లకు బదులు సోడియం అయాన్లు రాకపోకలు సాగిస్తాయి. సోడియం ఉప్పులోనే ఉన్నది. సముద్రజలాన్ని మంచినీరుగా మార్చే దేశంలో ఉప్పుకు కొదవ లేదు. లిథియం అల్యూమినియంతో మిశ్రలోహమై పోతుంది గనుక ఋణధ్రువానికి రాగి రేకు వాడక తప్పదు. సోడియానికి ఆ చిక్కు లేదు. రెండు వైపులా చవకైన అల్యూమినియం రేకే చాలును. ఆ లోహాన్ని మెసయీద్‌లోని ఖతాలమ్ కర్మాగారం తయారుచేస్తూనే ఉన్నది. దోహా ఎడ్యుకేషన్ సిటీలోని పర్యావరణ, ఇంధన పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు సోడియం ధనధ్రువ పదార్థాలపై పరిశోధన పత్రాలను వెలువరించారు.

సోడియం బరువైనది. 2021లో చైనా సంస్థ సీఏటీఎల్ ప్రకటించిన సెల్ కిలోకు 160 వాట్-అవర్లు మాత్రమే నిల్వచేయగలదు. కారుకు ఇది లోపమే కావచ్చు, ఇసుకలో కదలక కూర్చునే కంటైనరుకు కాదు.

అసలు దెబ్బ ధర వద్ద తగిలింది. 2022 చివర చైనాలో టన్ను లిథియం కార్బొనేట్ ఆరు లక్షల యువాన్లకు చేరువై, ఏడాది తిరిగేసరికి లక్షకు దిగివచ్చింది. దానితో సోడియం చవక అన్న వాదన బలహీనపడింది. అయినా 2024లో చైనాలోని హూబే రాష్ట్రంలో 100 మెగావాట్-అవర్ల సోడియం కేంద్రం పనిచేయ నారంభించింది. ఎక్కువ వేడికి ఓర్చుకొంటాయని తయారీదారులు చెప్పే ఈ సెల్స్ ఖతారు ఎండలో ఎన్ని వేసవులు నిలుస్తాయో చూడవలసి ఉన్నది. కొనుగోలుదారు సెల్ ధరను మాత్రమే చూస్తే లిథియానిదే పైచేయి. శీతలీకరణకు ఏటా పోయే విద్యుత్తును కూడా ఖర్చులో కలిపిన నాడే సోడియానికి ఇక్కడ బేరం కుదిరేది.