కోట్లు పలికేది కారా, దాని కథా?

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు మనం మోడల్ సంవత్సరం అడుగుతాం, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూస్తాం, సొట్టలు చూపించి బేరమాడతాం. 1962-64 మధ్య ఇటలీలో తయారైన ఫెరారీ 250 జీటీఓ దగ్గర ఈ లెక్కలు పనిచేయవు. తయారైనవి 36 మాత్రమే కాబట్టి అంత ధర అనుకోవచ్చు. కానీ అంతకన్నా తక్కువ సంఖ్యలో తయారై, అడిగే నాథుడు లేని పాత కార్లు బోలెడున్నాయి. రేసుల్లో గెలిచిన పేరు కోరికను పుట్టిస్తుంది, అరుదుదనం పోటీని పెంచుతుంది. ఫలానా బండికి ఎంత ఇవ్వొచ్చన్నది మాత్రం దాని గతం ఎంతవరకు రుజువవుతుందన్న దాన్ని బట్టే తేలుతుంది.

ఎందుకంటే రేకు ఎవరైనా కొట్టగలరు. అదే కాలపు చవక ఫెరారీల మీద జీటీఓ బాడీ కట్టిన నకళ్లు లోకంలో చాలానే ఉన్నాయి. మామూలు కంటికి తేడా తెలియదు. అందుకే ధర కట్టేవాళ్లు ముందు ఛాసిస్, ఇంజన్, గేర్‌బాక్స్ నెంబర్లను ఫ్యాక్టరీ రికార్డులతో పోలుస్తారు. తర్వాత నాటి రేసు ఫలితాలు, ఫొటోలు, చేతులు మారిన ప్రతిసారీ పుట్టిన కాగితాలు వెతుకుతారు. మధ్యలో పదేళ్లు కారు ఎక్కడుందో తెలియకపోతే అది పెద్ద ప్రమాదం కన్నా ఎక్కువ నష్టం. ఇది అతిశయోక్తి కాదు. 1948 ఒలింపిక్స్‌లో స్కీయింగ్ స్వర్ణాలు గెలిచిన ఫ్రెంచివాడు ఆన్రీ ఒరెయ్యే 1962లో పారిస్ దగ్గరి మాంలేరీ ట్రాక్‌లో ఒక జీటీఓ నడుపుతూ చనిపోయాడు. మరమ్మతు చేసిన ఆ కారే 2014లో బోనామ్స్ వేలంలో 3 కోట్ల 81 లక్షల డాలర్లు పలికింది. ఏం జరిగిందో అందరికీ తెలుసు కాబట్టి కొనేవాడికి భయం లేదు.

విడిభాగాలన్నీ మారిపోయాక అది పాత కారెలా అవుతుందని అడగడం న్యాయమే. 1929, 1930 లమాన్ రేసులు గెలిచిన బెంట్లీ ‘ఓల్డ్ నంబర్ వన్’ మీద 1990లో లండన్ హైకోర్టుకు వెళ్లిన వ్యాజ్యం ఇదే. కోటి పౌండ్లకు ఒప్పందం చేసుకున్న కంపెనీ, ఇందులో అసలు భాగాలు మిగల్లేదని వెనక్కి తగ్గింది. గెలిచిన నాటి భాగాలు చాలా తక్కువేనని జడ్జి కూడా ఒప్పుకున్నారు. అయినా బండి మార్పులు చెందుతూనే తెగిపోకుండా కొనసాగింది కాబట్టి ఇది అదే కారని తీర్పిచ్చారు. తీర్పుతో అందరూ ఏకీభవించనక్కర్లేదు. భాగాలు తక్కువయ్యేకొద్దీ కొనేవాడు ధర తగ్గించి అడగడం సహజమే.

ఇక ఇదంతా డబ్బున్నవాళ్ల మోజు, దీనికి లెక్కేమిటన్న విసురు. అందులో కొంత నిజముంది. 2023లో న్యూయార్క్ వేలానికి వచ్చిన జీటీఓ 6 కోట్ల డాలర్లు దాటుతుందన్నారు. కొనుగోలుదారు చెల్లించే కమిషన్‌తో కలిపినా 5 కోట్ల 17 లక్షల దగ్గరే ఆగింది. ఆరోజు ఆ హాల్లో పట్టుదలగా పాడే ఇద్దరున్నారా లేదా అన్నది ఏ రికార్డూ చెప్పదు. కాకపోతే మోజు ఊగేది కాగితాలు గీసిన హద్దుల మధ్యే. నకలుకు ఎంత పోటీ వచ్చినా అసలు ధర రాదు. అందుకే అనుభవమున్న మదింపుదారు ఒకే అంకె చెప్పడు. ఇన్సూరెన్స్‌కు ఒకటి, తొందరగా అమ్ముకోవాలంటే అంతకు తక్కువగా మరొకటి రాసి, కింద తేదీ వేస్తాడు.