40,53,028: పాలమూరు జనాభా లెక్కపై అపోహలు, వాస్తవాలు

2011 జనాభా లెక్కల ప్రకారం మహబూబ్‌నగర్ జిల్లా (పాలమూరు) జనాభా 40,53,028. వినతిపత్రాల్లో, ఎన్నికల ఉపన్యాసాల్లో, పరిశోధన గ్రంథాల్లో, పోటీ పరీక్షల గైడ్లలో ఈ అంకె ఏళ్ల తరబడి తిరుగుతోంది. నూటికి 85 మంది పల్లెల్లో ఉన్నారని, అక్షరాస్యత 55.04 శాతమని, వెయ్యి మంది మగవాళ్లకు 977 మంది ఆడవాళ్లని దాని వెంట మరికొన్ని అంకెలూ నడుస్తుంటాయి. నన్నడిగితే, ఈ లెక్కల్లో కూడేటప్పుడు దొర్లిన తప్పుల కన్నా చదివేటప్పుడు మనం చేసే తప్పులే ఎక్కువ. ఎవరిని, ఏ రోజుల్లో, ఏ చోట, ఏ నిర్వచనం పెట్టుకుని లెక్కించారో చూడం. అంకె ఒక్కటీ పట్టుకుపోతాం.

అపోహ: “మా ఊరివాళ్లు ఎక్కడున్నా మా ఊరి లెక్కలోనే ఉంటారు”

ఉండరు. పాలమూరులో ఇది చిన్న సంగతి కూడా కాదు. వానాకాలం పంట ఇంటికి చేరగానే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయికో, పుణెకో, బెంగళూరుకో, హైదరాబాదుకో కుటుంబాలకు కుటుంబాలు మట్టిపనికి, కట్టడం పనికి వెళ్లడం, తొలకరి నాటికి తిరిగి రావడం ఇక్కడ తరతరాల బతుకు. 2011లో ఇంటింటి లెక్క జరిగిందేమో ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు. అంటే వలస ముమ్మరంగా ఉండే రోజుల్లోనే.

అప్పటి నిబంధన ఇలా ఉంది. ఆ ఇరవై రోజుల్లో కొంతకాలమైనా సొంతింట్లో ఉన్నవాళ్లను, లేదా 28లోగా తిరిగొస్తారని ఇంటివాళ్లు చెప్పినవాళ్లను ఆ ఇంటి లెక్కలోనే రాయాలి. ఇరవై రోజులూ ఇంట్లో లేనివాళ్లను ఎక్కడ కనిపిస్తే అక్కడే రాయాలి. దీపావళి వెళ్లాక పోయి ఉగాదికి గానీ రాని కుటుంబం పుణెలో కట్టడం పక్కన రేకుల షెడ్డులో ఉంటే, అది మహారాష్ట్ర లెక్కలోకి పోతుంది. ఆ షెడ్డు దాకా ఇళ్లు తిరిగి లెక్క రాసే ఎన్యూమరేటర్ చేరకపోతే ఏ లెక్కలోకీ రాదు. ఇక్కడ ఊళ్లో మిగిలిన ముసలితల్లి, “నా కొడుకు ఈ ఇంటోడే గద సారూ, రాసుకో” అంటుంది. రాస్తే నిబంధన తప్పినట్టు, రాయకపోతే ఆమె మనసు నొచ్చుకున్నట్టు. ఎన్యూమరేటరుగా పలకాబలపాలు వదిలి పలకంత ఫారాలు పట్టుకుని తిరిగే టీచరుకు ఈ ఇరకాటం ప్రతి వీధిలోనూ ఎదురయ్యేదే.

కాబట్టి 40,53,028 అంటే ‘పాలమూరు మనుషులు’ ఇంతమంది అని కాదు. 2011 ఫిబ్రవరిలో పాలమూరు హద్దుల్లో లెక్కకు చిక్కినవాళ్లు ఇంతమంది. పుట్టిన చోటు, అంతకుముందు ఉన్న చోటు, వచ్చిన కారణం అనే ప్రశ్నలు కూడా ఫారంలో ఉన్నాయి గనుక వలసను ఆ పట్టికల్లో కొంతవరకు వెతుక్కోవచ్చు. కానీ ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ బతికే మనిషిని పట్టుకోవడానికి ఆ ప్రశ్నలు చాలవు.

ఈ అపోహ బలపడటానికి తెలంగాణలో ఒక కారణం ఉంది. 2014 ఆగస్టు 19న రాష్ట్ర ప్రభుత్వం సమగ్ర కుటుంబ సర్వేను ఒక్క రోజులో జరిపినప్పుడు, ఊళ్లో లేకపోతే పథకాలు పోతాయన్న భయంతో జనం దొరికిన బస్సెక్కి సొంతూళ్లకు పరుగెత్తారు. అది జనగణన చట్టం కింద జరిగిన లెక్క కాదు. జనగణన ఎవరినీ ఊరికి రమ్మనదు, ఉన్న చోటికే అది రావాలి. ఒక్క రాత్రిలో దేశమంతా లెక్కించే పద్ధతి మన దగ్గరా ఒకప్పుడు ఉండేది గానీ అది 1931తోనే ఆఖరు.

అపోహ: “మా తండా పేరు పుస్తకంలోనే లేదు, మమ్మల్ని వదిలేశారు”

జిల్లా జనగణన పుస్తకం తెరిచి తమ పల్లె పేరు కనిపించక కోపం తెచ్చుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. జనగణనకు ఊరంటే రెవెన్యూ గ్రామం: హద్దులు, సర్వే నంబర్లు ఉన్న గ్రామం. శివారు పల్లె, లంబాడీ తండా, నల్లమలలో చెంచుల పెంట ఏ రెవెన్యూ గ్రామం పరిధిలో ఉంటే ఆ గ్రామం అంకెలో కలిసిపోతాయి. మనుషుల్ని వదల్లేదు, పేరు విడిగా అచ్చు వేయలేదు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తెలంగాణలో వందల తండాలు సొంత పంచాయతీలయ్యాయి. సర్పంచ్ ఉన్నాడు, కార్యాలయం ఉంది, 2011 నాటి జనాభా అడిగితే మాత్రం పాత పెద్ద ఊరి అంకెలోంచి విడదీసి చెప్పాల్సిందే.

దీనికి తిరగేసిన వింత కూడా ఉంది. పుస్తకంలో పేరుంటుంది, కోడ్ ఉంటుంది, జనాభా గడిలో సున్నా ఉంటుంది. రెవెన్యూ వాళ్లు బేచిరాగ్ గ్రామాలనేవి ఇవే. కొన్ని ఎప్పుడో కరువుకో, గత్తరకో ఖాళీ అయినవి. కృష్ణ ఒడ్డున శ్రీశైలం జలాశయం కింద మునిగిన ఊళ్ల కథ ఇంకోటి: జనం గట్టు మీదికి తరలిపోయినా రెవెన్యూ రికార్డులో ఊరు అంత తేలిగ్గా చావదు. జిల్లాలో ఎన్ని ఊళ్లున్నాయని అడిగితే జనగణన పుస్తకం ఒకటి, పంచాయతీ శాఖ ఒకటి చెప్పడం ఇందుకే. రెండూ నిజమే. జనం ఉన్న ఊళ్లా, మొత్తం రెవెన్యూ గ్రామాలా, పంచాయతీలా అని ముందు అడగాలి.

పల్లె, పట్నం తేడా కూడా ఇలాంటిదే. పంచాయతీ అయినంత మాత్రాన జనగణన దాన్ని పల్లెగా చూడదు. 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది, మగ పనివాళ్లలో 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండటం, ఈ మూడూ కుదిరితే సర్పంచ్ పాలనలో ఉన్నా అది ‘సెన్సస్ టౌన్’. దేశంలో ఇలాంటివి 2001లో 1,362 ఉండగా 2011 నాటికి 3,890 దాటాయి.

అపోహ: “అక్షరాస్యత 55 శాతం అంటే, అంతమంది బడికి పోయినవాళ్లు”

బడికి, ఈ లెక్కకు సంబంధం లేదు. ఏ భాషలోనైనా అర్థం చేసుకుంటూ చదవగలిగి, రాయగలిగితే చాలు, ఒక్క రోజు కూడా బడి గడప తొక్కనివాళ్లూ అక్షరాస్యులే. సంతకం మాత్రం నేర్చుకున్నవాళ్లు కారు. ఇంకో సంగతి, ఈ శాతం మొత్తం జనాభా మీద వేసింది కాదు. ఏడేళ్ల లోపు పిల్లల్ని పక్కనపెట్టి మిగిలినవాళ్ల మీద వేసింది. అంచేత 40,53,028ని 55.04తో గుణించి అక్షరాస్యుల సంఖ్య రాసేవాళ్లు అప్పుడే తప్పులో కాలేసినట్టు. ఉమ్మడి రాష్ట్రంలోని 23 జిల్లాల్లో ఇదే అట్టడుగు శాతం. మగవాళ్లలో 65.21, ఆడవాళ్లలో 44.72. సగటు కన్నా ఈ రెండు అంకెల మధ్య ఎడమే జిల్లా సంగతి ఎక్కువ చెబుతుంది.

అపోహ: “సాగుదారులంటే పట్టాదారులు, ఆడవాళ్లు ఇంటి పనివాళ్లు”

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసిన అపోహ ఇదేనని నా అభిప్రాయం.

భూమి ఎవరి పేరున ఉందని జనగణన అడగదు. సాగు ఎవరు చేస్తున్నారని అడుగుతుంది. కౌలుకు తీసుకుని దున్నేవాడు సాగుదారు. పొలం పూర్తిగా కౌలుకిచ్చి పట్నంలో కూర్చున్న పట్టాదారు సాగుదారు కాడు. పాసుపుస్తకాల సంఖ్య తెచ్చి జనగణనలోని సాగుదారుల సంఖ్యతో పోల్చి, “రైతుల్ని తక్కువ చూపించారు” అని వ్యాసాలు రాసేవాళ్లు రెండు వేర్వేరు ప్రశ్నల జవాబుల్ని ఒకదాని పక్కన ఒకటి పెడుతున్నారు. దేశం మొత్తం మీద 2001లో 12.73 కోట్లున్న సాగుదారులు 2011లో 11.88 కోట్లకు తగ్గారు, వ్యవసాయ కూలీలు 10.68 కోట్ల నుంచి 14.43 కోట్లకు పెరిగారు. పాసుపుస్తకాలు చూస్తే ఈ మార్పు కనిపించదు.

ఇక ఆడవాళ్ల పని. నిబంధనల్లో అన్యాయం లేదు. సొంత పొలంలో జీతం లేకుండా చేసినా పనే. ఇంట్లో తాగడానికే బర్రెను మేపి పాలు పితికినా పనే. ఏడాదిలో ఆరు నెలలు, ఆ పైన పని ఉంటే ‘ప్రధాన’ శ్రామికులు, తక్కువైతే ‘ఉపాంత’ శ్రామికులు. చిక్కు వచ్చేది వాకిట్లో. ఎన్యూమరేటర్ అడిగేది చాలాసార్లు మగమనిషిని. “మీ ఇంటామె ఏం చేస్తుంది?” అంటే ఆయన, “ఏం చేస్తది సారూ, ఇంట్లనే ఉంటది” అంటాడు. ఆమె ఆ పూటకి నాట్లకు పోయి ఉంటుంది. “పోయిన ఏడాది నాట్లకు, కలుపుకు, కోతకు పోయిందా? బర్రెల్ని చూసేదెవరు?” అని మళ్లీ అడగమని శిక్షణలో చెబుతారు. అడిగిన బ్లాకులో (ఒక ఎన్యూమరేటర్ తిరిగే పరిధిలో) ఆమె శ్రామికురాలు, అడగని బ్లాకులో కాదు. పక్కపక్క ఊళ్లలో ఆడ శ్రామికుల శాతం ఆకాశానికీ పాతాళానికీ పోతే, ఊళ్ల తేడా వెతికే ముందు ప్రశ్న అడిగిన తీరును అనుమానించడం మంచిది.

అపోహ: “వయసు పట్టికలు పుట్టిన తేదీ చూసి వేస్తారు”

పుట్టిన తేదీ ఎవరి దగ్గరుంది? “యాభై ఉంటయేమో, రాసుకోండి.” అందుకే ఒక్కో ఏటికి వేసిన పట్టికలో 30, 35, 40, 45, 50 దగ్గర గుట్టలు లేస్తాయి, 41, 49 దగ్గర గుంతలు పడతాయి. పాత తరం వాళ్లను “పోలీసు యాక్షన్ నాటికి నీకెన్నేళ్లు పెద్దయ్యా? పశువులు కాసేటంత ఉంటివా?” అని స్థానిక సంఘటనలతో కలిపి అడగమనేది ఈ గుట్టల్ని కాస్త చదును చేయడానికే.

అపోహ: “చెబితే రేషన్ కార్డు తీసేస్తారు, కేసులు పెడతారు”

1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఒక వ్యక్తి చెప్పిన వివరాలను ఇంకెవరూ తనిఖీ చేయడానికి వీల్లేదు, కోర్టులో సాక్ష్యంగా పనికిరావు. జవాబు చెప్పడం మాత్రం చట్టరీత్యా బాధ్యతే. అందులోనూ ఒక మినహాయింపు ఉంది: ఆచారం ప్రకారం భర్త పేరు చెప్పకూడని స్త్రీని ఆ పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. పెనిమిటి పేరు పలకని ఇల్లాళ్ల సంగతి చట్టం రాసినవాళ్లకు బాగానే తెలుసన్నమాట. రేషన్ కార్డుకు సంబంధించి నిజమైన భయం ఇంకో వైపుంది. 2013 ఆహార భద్రత చట్టం కింద ఎంతమందికి బియ్యం అందాలన్నది 2011 లెక్కల మీదే నిర్ణయమైంది. లెక్కకు రానివాళ్ల వాటా ఆ మొత్తంలోకి చేరలేదు.

అపోహ: “ఏ కాగితంలో చూసినా ఒకటే అంకె ఉండాలి, లేకపోతే మోసం”

పాలమూరుకు 2011 జనాభాగా 40,42,191 అనే అంకె కూడా చెలామణిలో ఉంది. అదీ జనగణన శాఖ ఇచ్చిందే. ఒక్కో ఎన్యూమరేటర్ తన బ్లాకులోని సుమారు 600 నుంచి 800 మంది వివరాలను ఫారాల్లో నింపి, ఒక సంక్షిప్త పట్టిక వేసి సూపర్‌వైజరుకు ఇస్తారు. ఆ పట్టికలు మండలంలో చార్జ్ అధికారిగా ఉన్న తహసీల్దారుకు, అక్కడి నుంచి కలెక్టరుకు చేరతాయి. వాటిని చేత్తో కూడి 2011 మార్చి నెలాఖరుకే విడుదల చేసింది తాత్కాలిక అంకె. తర్వాత అసలు ఫారాలన్నింటినీ స్కాన్ చేసి, యంత్రంతో చదివించి, పొరపాట్లు సరిచేసి ఇచ్చింది తుది అంకె. ఈ దశలో జిల్లా జనాభా 10,837 పెరిగితే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 8,46,65,533 నుంచి 8,45,80,777కు తగ్గింది. అక్షరాస్యత కూడా 56.06 నుంచి 55.04కు దిగింది. పాత 56.06నే ఇప్పటికీ వల్లెవేయించే కోచింగ్ పుస్తకాలకు కొదవ లేదు.

తుది అంకె కూడా దేవుడి లెక్క కాదు. లెక్క ముగిశాక ఎంపిక చేసిన బ్లాకుల్లో మళ్లీ ఇంటింటికీ తిరిగి సరిచూస్తారు. 2011లో అలా చూస్తే దేశంలో వెయ్యికి 23 మంది లెక్కకు రాలేదని తేలింది. ఆ 23 మందిని కలిపి అంకెలను సవరించరు. పొరపాటు ఎంతో చెప్పి ఊరుకుంటారు. చేసిన పని లోటును తానే వెతికి అచ్చువేసే ప్రభుత్వ శాఖలు మనకు ఎన్నో లేవు. ఆ మర్యాద జనగణనకు ఇవ్వాలి.

అపోహ: “ఈ ఏటి జిల్లా జనాభా ఇంటర్నెట్‌లో ఉంది”

2011 తర్వాత జనగణన జరగలేదు. 2021లో జరగాల్సింది కోవిడ్ వల్ల వాయిదా పడింది. వెబ్‌సైట్లలో కనిపించే ‘తాజా’ అంకెలు చాలావరకు 2001లో 35,13,934గా ఉన్న జనాభా 2011కి 15.34 శాతం పెరిగింది కదా అని అదే వేగంతో ముందుకు సాగదీసినవి. ఆ వేగం అలాగే ఉందని చెప్పిందెవరు?

పైగా ఆ జిల్లానే ఇప్పుడు లేదు. 64 మండలాల పాలమూరు 2016 అక్టోబరు 11న విడిపోయి మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల అయింది. షాద్‌నగర్ వైపు మండలాలు రంగారెడ్డిలో, కొడంగల్ వైపువి వికారాబాద్‌లో కలిశాయి. 2019లో నారాయణపేట విడి జిల్లా అయింది. ఇప్పటి మహబూబ్‌నగర్ జిల్లాకు 2011 జనాభా అంటూ ఇచ్చేది గ్రామాల పట్టికను కొత్త హద్దుల ప్రకారం మళ్లీ కూడి తీసినది. 1981 దాకా వెనక్కి వెళ్తే తాలూకాలు ఎదురవుతాయి, మండలాలు 1985లో గానీ రాలేదు. నలభై ఏళ్ల మార్పు చూడాలనుకునేవాళ్లు జిల్లా అంకెలను పక్కనపెట్టి ఊరూరి అంకెలు ముందేసుకుని కూర్చోవాల్సిందే. విసుగు పుట్టించే పనే, దానికి అడ్డదారి లేదు.

రాబోయే లెక్కకు ఆధార ఘడియ 2027 మార్చి 1 అర్ధరాత్రి. కాగితం బదులు ఫోన్లో నింపుతారు, స్వాతంత్ర్యం వచ్చాక జనగణనలో మొదటిసారి అందరి కులమూ అడుగుతారు. ఫోను వచ్చాక కూడికలో పొరపాట్లు తగ్గవచ్చు. కానీ ఆ ఘడియకు ముందు ఇళ్లు తిరిగే లెక్క కూడా పడేది ఫిబ్రవరిలోనే, పాలమూరు కూలీలు ఊళ్లో లేని నెలలోనే.