ఆస్ట్రేలియా ఆదివాసులు - కన్నుల రక్షణ

1953వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీ ఉదయమున దక్షిణ ఆస్ట్రేలియాలోని ఈమూ ఫీల్డ్ అను ఎడారి ప్రదేశమున బ్రిటిషు ప్రభుత్వము అణుబాంబు నొకదానిని ప్రేల్చి పరీక్షించెను. అచ్చటికి చాల దూరమున, వాలటిన్నా అను చోట, సుమారు పదేండ్ల బాలు డొకడు తనవారితో విడిసియుండెను. నేల అదరుట అతనికి తెలిసెను. పిమ్మట నల్లని పొగవంటి దొకటి చెట్లమీదుగా మెల్లమెల్లగా వచ్చి వారిపై క్రమ్ముకొనెను. కన్నులు మండినవి. కొంతకాలమునకు ఒక కంటిచూపు, మరికొన్నియేండ్లకు రెండవ కంటిచూపు పోయినవి. ఆ బాలుని పేరు యామీ లెస్టర్, యంకునిజజర తెగవాడు.

ఆ నల్లపొగయే తన అంధత్వమునకు కారణమని లెస్టరు జీవితాంతము విశ్వసించెను. 1984లో ఆస్ట్రేలియా ప్రభుత్వము నియమించిన రాయల్ కమిషను ఆ పొగ పడినమాట యథార్థమే యని అంగీకరించినది. ఆ విచారణ జరుగవలెనని పట్టుపట్టినవారిలో లెస్టరు ముఖ్యుడు. అయితే నేడు నేను ఆయనను తలచుట అణుబాంబు కథ చెప్పుటకు గాదు. అడిలైడు నగరమున అంధుల సంస్థలో చీపురులు కట్టుచు యౌవనమును గడపిన ఈ మనుష్యుడు తరువాతికాలమున తన జాతివారి కన్నులను, ఒంటిని కాపాడుటకు ఒక క్రొత్త త్రోవ తెరపించెను. ఆ త్రోవ ముందుగా పోయినది ఆసుపత్రికి గాదు, స్నానపు గదికి.

ఆ ఎడారి గ్రామములలో చూపును హరించుచున్న వ్యాధులలో మొదట చెప్పవలసినది ట్రకోమా. దీని పేరు మన పెద్దలలో చాలమంది విన్నదే. కంటికి కనబడని యొక సూక్ష్మజీవి పసిబిడ్డల కన్నులలోని పుసియందును, ముక్కు చీమిడియందును ఉండి, చేతులవలనను, ఈగలవలనను, ఒకే గుడ్డతో నలుగురు బిడ్డల ముఖములు తుడుచుటవలనను ఒకరినుండి యొకరికి సోకుచుండును. మన యిండ్లలో తల్లులు ఎంతో మురిపెముతో చేయు పనియే యిది - ఒక బిడ్డ ముఖము తుడిచిన కొంగుతోడనే రెండవబిడ్డ ముఖమును తుడుచుట! ఒక్కసారి వచ్చి పోయినచో ఈ వ్యాధివలన చూపునకు పెద్ద ముప్పు లేదు. అదే బిడ్డకు ఏటేట, మరల మరల సోకుటయే ప్రమాదము. అప్పుడు పైరెప్ప లోపలిభాగము పుండుపడి, మాని, మచ్చలు కట్టి, ఏండ్లు గడచినకొలది ముడుచుకొనిపోవును. రెప్ప అంచు లోనికి తిరుగును. రెప్పవెండ్రుకలు కంటి గ్రుడ్డునకు తగులును. మనుష్యుడు రెప్ప వేసినప్పుడెల్ల ఆ వెండ్రుకలు నల్లగ్రుడ్డుపైనున్న స్వచ్ఛమైన పొరను గీకుచుండును. బాధ భరింపరానిది; తుదకు పొర తెల్లబడి చూపు పోవును. బాల్యమున సోకిన జాడ్యమునకు వార్ధక్యమున ఫలము అనుభవింపవలసి వచ్చుట యిందలి విశేషము. బిడ్డలను ఎత్తుకొని పెంచువారు గనుక స్త్రీలకు ఈ బాధ పురుషులకంటె అధికము.

ఆ దేశమున నివసించు తెల్లవారికిని ఒకప్పుడు ఈ వ్యాధి విస్తారముగా ఉండెడిది. వారి యిండ్లకు నీటి గొట్టములు, మురుగు కాలువలు, విశాలమైన పడకగదులు వచ్చిన పిమ్మట అది వారిని వదలిపోయెను. ఆదివాసులను మాత్రము వదలలేదు. సంపన్న దేశములలో ట్రకోమా నిలిచియున్న దేశము ఆస్ట్రేలియా యొక్కటియే యను మాట దీర్ఘకాలము ఆ దేశమునకు తలవంపులు తెచ్చినది.

ఇక ప్రయత్నముల సంగతి. 1971లో సిడ్నీ నగరములోని రెడ్‌ఫర్న్ పేటలో ఆదివాసులు తామే యొక వైద్యశాలను నెలకొల్పిరి. నిర్వాహకులు వారు, నిర్ణయము వారిది, వైద్యులు వారి పిలుపున వచ్చినవారు. ఆ దేశమున ఇట్టి సంస్థలలో అదియే మొదటిది. నేడు అట్టివి నూటికి మించి యున్నవి. దాని స్థాపకులలో గార్డన్ బ్రిస్కో యను ఆదివాసి యువకుడు, ఫ్రెడ్ హాలోస్ అను నేత్రవైద్యుడు ఉండిరి. హాలోసు న్యూజిలాండులో పుట్టినవాడు. ఆయన 1968లోనే గురింజి తెగవారి విడిదికి పోయి వారి కన్నులు పరీక్షించి, చూచినదానిని నమ్మలేక దిగ్భ్రమ చెందెను. కూలి కొఱకును, భూమి కొఱకును 1966లో పశువుల క్షేత్రమును విడిచి బయటికి నడచివచ్చిన గురింజిలు వీరే.

ఈ యిరువురి పూనికతో 1976లో జాతీయ ట్రకోమా, నేత్రారోగ్య కార్యక్రమము ఆరంభమయ్యెను. ధనము ప్రభుత్వముది. రెండేండ్లకు పైగా బండ్లలో దుమ్ముదారులు పట్టి తిరిగి, 465 గ్రామములు, విడుదులు దర్శించి, లక్షమందికి పైగా కన్నులు పరీక్షించిరి. అందు 62,000 మంది ఆదివాసులు. హాలోసు పేరు లోకమంతట వ్యాపించినది, అది న్యాయమే. కాని ఆ బండ్లు గ్రామము చేరుటకు ముందుగానే అచ్చటికి పోయినవారి పేర్లు అంతగా వినబడవు. బ్రిస్కో ఆ కార్యక్రమమునకు సహాయ నిర్వాహకుడు. ట్రెవర్ బజకాట్, రెగ్ మరే, రోజ్ మరే మొదలైన ఆదివాసులు ముందుగా పోయి, పెద్దలతో కూర్చుండి, వచ్చువా రెవరో, ఏమి చేయుదురో, ఎందుకో చెప్పి, వారి అనుమతి పొందెడివారు. అంతకుపూర్వము తెల్ల అధికారి గ్రామమునకు వచ్చుటయనగా బిడ్డలను ఎత్తుకొనిపోవుటకే యను భయము తల్లులలో ఉండెడిది. ఆ భయము ఊరక పుట్టినది కాదు. అట్టిచోట పసిబిడ్డ రెప్పను తిరుగవేసి చూడనిచ్చుటకు ఎంత నమ్మకము కావలయునో శ్రోతలు ఊహింపగలరు.

ఈ కార్యక్రమమునకు చిక్కులు రాకపోలేదు. 1977లో క్వీన్సులాండు రాష్ట్ర ముఖ్యమంత్రి, మిక్ మిల్లర్, క్లారీ గ్రోగన్ అను ఇరువురు ఆదివాసి కార్యకర్తలు కన్నుల పని యను మిషతో ప్రజలను ఓటరు జాబితాలలో చేర్పించుచున్నారని ఆక్షేపించెను. ఆ రాష్ట్రమున పని నిలిపివేయబడెను. కన్నులు తెరచినవారు ఓటు నడుగుదురని ఆ పెద్దమనుష్యునికి తోచెను గాబోలు! 1980లో వెలువడిన నివేదిక మాత్రము స్పష్టముగా చెప్పెను: మందులతో, శస్త్రచికిత్సతో తీరునది సగమే, ఇండ్లు, నీరు, పారిశుద్ధ్యము బాగుపడనిదే వ్యాధి తిరిగి వచ్చుచుండును.

ఇచ్చట మరల లెస్టరు కథ లోనికి వచ్చును. 1985లో ఆయన మధ్య ఎడారిలో ఆదివాసుల యాజమాన్యముననున్న ఙనంప ఆరోగ్యమండలికి నిర్వాహకుడు. వైద్యశాలలు చక్కగా నడచుచుండెను. మంచి మందు లుండెను. అయినను అదే బిడ్డలు అదే రోగముతో మరల మరల వచ్చుచుండిరి. లెస్టరు ఒక వైద్యుని, ఒక వాస్తుశిల్పిని, పరిసరారోగ్యము నెరిగిన మరియొకరిని పిలిపించి, జనులు రోగగ్రస్తులు కాకుండ ఆపు ఉపాయము చూడుడని కోరెను. వారు ముగ్గురును గ్రామస్థులతో కలసి పనిచేసి 1987లో నివేదిక నొసగిరి. అందు తొమ్మిది నియమములు కలవు. మొదటిది పసిబిడ్డలకు దినదినము స్నానము. తరువాత బట్టలు, పక్కలు ఉతుకుట; మురుగునీరు తొలగించుట; ఇంటి ఇరుకు తగ్గించుట; దుమ్ము తగ్గించుట - ఈ రీతిగా సాగును.

చదువరికి ఇవి బడిపిల్లల ఆరోగ్యశాస్త్ర పాఠమువలె తోచును. వారి ప్రజ్ఞ తరువాతి ప్రశ్నలో ఉన్నది: బిడ్డకు స్నానము చేయింపుమని తల్లికి చెప్పుదుము సరే, ఆ యింటిలో నీరు వచ్చునా? వేడినీరు వచ్చునా? వచ్చిన నీరు బయటికి పోవునా? ఏండ్ల తరబడి వేలకొలది యిండ్లు పరీక్షింపగా, స్నానపు జల్లు సరిగా పనిచేయు ఇండ్లు నూటికి 35 మాత్రమే. ఎడారి నీటిలోని ఉప్పు కొళాయిలను కొరికివేయును. ఆదివాసులకు ఇండ్లు వాడుకొనుట తెలియదు, పాడుచేయుదురు అను అపవాదు నగరములలో చిరకాలముగా ఉండెడిది. లెక్క చూడగా, ఇంటివారి చేతులలో పాడైనవి నూటికి 9. కట్టినవాని లోపము 21. మిగిలిన 70 ఎవ్వరును మరమ్మతు చేయనందువలన! ఒక దేశపు దురభిప్రాయమునకు ఇంత సూటియైన సమాధానమును నేను మరెక్కడను చూడలేదు.

వారు పెట్టుకొన్న నియమ మొకటి నాకు మిక్కిలి నచ్చినది. బాగుచేయకుండ కేవలము లెక్క వ్రాసికొని పోరాదు. పరీక్షించు బృందము చేతిలో మొదటి దినముననే మరతిప్పుడు పనిముట్లు ఉండవలెను; చిన్న మరమ్మతు అప్పుడే జరుగవలెను; పెద్దదానికి వెంటనే పనివానిని పిలువవలెను. ఈ బృందములలో నూటికి 75 మంది స్థానికులైన ఆదివాసులే. ఈ పని పూర్తియైన యిండ్లలో పనిచేయు స్నానపు జల్లులు నూటికి 86కు పెరిగినవి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తరువాత ట్రకోమా కొఱకు నిర్ణయించిన మార్గమును ఇదే అంతరార్థము గలది: తిరుగబడిన రెప్పకు శస్త్రచికిత్స, ఊరివారి కందరికి ఒకేమారు మందు, ముఖశుభ్రత, పరిసరముల బాగు. ఆస్ట్రేలియాలో ముప్పుగల గ్రామములందు 5 మొదలు 9 ఏండ్ల లోపు బిడ్డలలో 2009లో నూటికి 14 మందికి ట్రకోమా ఉండెను. 2015 నాటికి అది 5కు లోపునకు దిగెను. మన దేశముకూడ 1963లో జాతీయ కార్యక్రమము ప్రారంభించి, 2024 అక్టోబరులో ట్రకోమాను ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించిన దేశముగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందినది.

అయితే చూపు పోవుటకు ట్రకోమా యొక్కటే కారణము కాదు. 2008లో జరిగిన జాతీయ పరిశీలన ఒక విచిత్రమైన విషయమును బయటపెట్టినది. ఆదివాసి బాలుర చూపు ఆ దేశపు ఇతర బాలుర చూపుకంటె మెరుగైనది. వారే పెద్దవారగుసరికి అంధత్వము ఇతరులకంటె ఆరురెట్లు! ప్రకృతి యిచ్చిన మంచి కన్నులు మధ్యలో ఎచ్చట పోయినవి? శుక్లములు, కండ్లద్దములు లేమి, మధుమేహము - ఇవి సమాధానములు. ఆ నష్టములో నూటికి 94 పాళ్లు నివారింపదగినదో, చికిత్సకు లొంగునదో యని అదే పరిశీలన తేల్చెను. పెద్దలలో మూడవవంతునకు పైగా జన్మలో ఒకసారియైనను కన్నులు చూపించుకొననివారు.

శుక్లమునకు శస్త్రచికిత్స సులభము. ఆ శస్త్రము చేయు చోటికి చేరుటయే దుర్లభము. వందలకొలది మైళ్ల ప్రయాణము, తెలియని భాష, తోడులేని ఆసుపత్రి. తన యింట తాను పెద్దయైన వృద్ధురాలు అచ్చట పేరు సరిగా పలుకబడని యొక రోగి. అందుచేతనే ఆదివాసి వైద్యశాలలు నేత్రారోగ్య సమన్వయకర్తలను నియమించుకొన్నవి. కాగితము నింపుటనుండి ప్రయాణమునకు తోడు కుదుర్చుటవరకు వారు చూచుకొందురు. మధుమేహమువలన కంటి లోపలిపొర చెడుట రోగికి తెలియకుండ జరుగును. ఏటేట పరీక్ష అవసరము. వైద్యుడు లేనిచోట శిక్షణపొందిన ఆదివాసి ఆరోగ్య కార్యకర్త ప్రత్యేకమైన కెమేరాతో లోపలిపొరను ఛాయాచిత్రము తీసి దూరమునున్న నిపుణునికి పంపును. 2016 నవంబరునుండి ఇట్టి పరీక్షకు ప్రభుత్వ ఆరోగ్య నిధినుండి రుసుము చెల్లించుట ఆరంభమైనది. ఆ యేటి పరిశీలనలో అంధత్వపు వ్యత్యాసము ఆరురెట్లనుండి మూడురెట్లకు దిగినట్లు తేలెను. మూడురెట్లు తక్కువ కాదు.

యామీ లెస్టర్ 2017లో కన్నుమూసెను. మరుసటి సంవత్సరము, 2018లో, క్రిస్ రాలా బేకర్ అను వైద్యుడు నేత్రశాస్త్ర శిక్షణ ముగించి ఆస్ట్రేలియా ఆదివాసులలో మొట్టమొదటి కంటివైద్య నిపుణు డయ్యెను. రెడ్‌ఫర్న్ వైద్యశాల తెరచిన నాటికి అది నలువదియేడవ యేడు. ఎడారి బడులలోని బిడ్డలకు మాత్రము ఆయనకంటె మిల్పా యెక్కువ పరిచయము. మిల్పా యనునది బొమ్మ ఉడుము. వార్ల్‌పిరి భాషలో ఆ మాటకు కన్ను అని అర్థము. ఆ ఉడుము గోడచిత్రములలో నిలిచి, ముఖము కడుగుకొనుడు, ఒకరి తువాలు మరియొకరు వాడకుడు అని బిడ్డలకు చెప్పుచుండును. బిడ్డలు ఆ మాట విని కొళాయి తిప్పుదురు. కొళాయి చెడినచో బాగుచేయుటకు ఆ యూరివాడే పనిముట్లు పట్టుకొని వచ్చును.